అమ్మ గీతలో లేని సరస్సు

మా నాన్న దృష్టిలో సెలవంటే యంత్రం ఆగిపోవడం. కార్ఖానాలో ఏ యంత్రాన్ని ఆపాలన్నా ఎందుకు ఆపుతున్నారో, ఎన్ని గంటలు ఆపుతున్నారో, ఆ గంటల్లో ఎవరు ఏ బోల్టు విప్పి ఏది బిగిస్తారో ముందే కాగితం మీద పెట్టాలి. అదే ఆయన ఉద్యోగం. ఖలాసీగా చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, షట్‌డౌన్ ప్లానింగు సెక్షన్‌లో సూపర్‌వైజరయ్యాడు. అంత కష్టపడి సంపాదించుకున్న కుర్చీని ఆఫీసులో వదిలేసి ఇంటికి రావడం ఆయనకు ఏనాడూ చేతకాలేదు. వినాయక చవితికి పత్రి ఎవరు తేవాలో, ఉండ్రాళ్ళు ఎవరు చుట్టాలో కూడా మూడు రోజుల ముందే మా ఇంటి గోడ మీద కాగితం అంటించి ఉండేది. ఉండ్రాళ్ళు ఎప్పుడూ అమ్మే చుట్టేది. అయినా కాగితం ఉండాల్సిందే.

టాటానగర్‌లో, కార్ఖానావాళ్ళ బారిడీహ్ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. నాన్న, అమ్మ, అన్నయ్య, నేను. నేను చెబుతున్నది ఎనభైల మొదట్లో సంగతి. అన్నయ్య అప్పుడే పాలిటెక్నిక్‌లో చేరాడు, నాకు పద్నాలుగేళ్ళు. అమ్మా నాన్నా తమ శ్రీకాకుళం మాటే మాట్లాడేవారు. అన్నయ్య వాళ్ళకి హిందీలో జవాబిచ్చేవాడు. వాళ్ళకది తప్పుగా తోచేది కాదు, వాడికీ తోచేది కాదు. నా చేతిరాత బాగుంటుందని నాన్న నన్ను తన ఇంటి గుమాస్తాగా వేసుకున్నాడు. ఆ పదవికి నేను చాలా మురిసిపోయేదాన్ని.

ఏటా వచ్చే సెలవు ఊరికి వెళ్ళడానికే. పదిహేను రోజులు, అరడజను బంధువుల ఇళ్ళు. ఏ ఇంటికి వెళ్ళినా నాన్న అరుగు మీద కూర్చుని కార్ఖానా గొప్పలు చెప్పేవాడు. అన్నయ్య మామిడి తోటలోకి మాయమయ్యేవాడు. అమ్మ కాళ్ళు కడుక్కుని నేరుగా వంటింట్లోకి వెళ్ళేది. టాటా నుంచి కోడలొచ్చిందని ఆ ఇంటి ఆడవాళ్ళు ఆ వారానికి నడుం వాల్చేవారు. అది మర్యాదట. వచ్చిన ఆడమనిషిని పరాయిదానిలా కూర్చోబెట్టకూడదట. తిరుగు రైలెక్కాక అమ్మ పై బెర్తు మీద పడి టాటానగర్ దాకా నిద్రపోయేది. ఏడాది మొత్తంలో ఆమెకు దొరికే సెలవు ఆ ఒక్క ప్రయాణమే.

ఆ ఏడు మార్చిలో బిష్టుపూర్ బజారులో బట్టల కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండరులో ఒక సరస్సు బొమ్మ వచ్చింది. కొండలు, అడవి, మధ్యలో నీళ్ళు, నీళ్ళలో ఒక పడవ. వంటింటి గోడకు నెల రోజులు వేలాడింది. ఒక సాయంత్రం నాన్నకు టీ గ్లాసు అందిస్తూ అమ్మ అడిగింది.

"ఏటండీ, ఇది ఎక్కడ?"

"నైనీతాల్. కొండల మీద. ఇదొక్కటే కాదు, ఆ సుట్టుపక్కల ఇలాంటి సెరువులు శానా ఉన్నాయట. అడవులు, నదులు..."

"అలాంటికాడ ఒక్క రోజు, పనీ పాటా నేకండా, నీళ్ళ అంచున ఊరికే కూకోవాలనుందండీ."

అంతే అంది. చీర కావాలని, గాజులు కావాలని కూడా నోరు తెరిచి అడగని మనిషి. నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. అమ్మంటే ఆయనకు ప్రాణం. ఆ ప్రాణాన్ని ఎలా చూపించాలో ఆయనకు తెలిసిన పద్ధతి మాత్రం ఒక్కటే. మర్నాడు ఆఫీసు నుంచి వస్తూ బిష్టుపూర్‌లో ఆగి నాలుగు పెద్ద గ్రాఫు కాగితాలూ ఒక ఎర్ర పెన్సిలూ ఒక పచ్చ పెన్సిలూ కొనుక్కొచ్చాడు.

నైనీతాల్ ప్రయాణం సంగతి రెండు రోజుల్లో వీధికెక్కింది. పక్క క్వార్టర్‌లో ఉండే అత్త గోడ మీంచి తల పెట్టి అడిగింది.

"ఎక్కడికో ఎల్తన్నారట గదా. అక్కడ ఎవులున్నారు మీకు?"

"ఎవులూ నేరు," అంది అమ్మ.

"ఎవులూ నేకపోతే మరెందుకెల్లడం?"

"ఎవులూ నేరనే ఎల్తన్నాం."

అత్తకు అర్థం కాలేదు. మా వాళ్ళలో ఎవరికీ అర్థం కాలేదు. మాకు తెలిసిన ప్రయాణాలు రెండే రకాలు. ఒకటి చుట్టాలున్న చోటికి, రెండోది దేవుడున్న చోటికి. పర్సుడీహ్ నుంచి నాన్న పినతల్లి కొడుకు బస్సెక్కి పనిగట్టుకుని వచ్చి, చుట్టమూ దేవుడూ లేని ఊరికి పెళ్ళాం పిల్లల్ని తీసుకుపోవడం ఏం తెలివి అని నాన్నను గట్టిగానే కోప్పడ్డాడు. నాన్న కంగారుపడి రెండు రోజులు అందరినీ వాకబు చేశాడు. సరస్సు ఒడ్డునే అమ్మవారి గుడి ఉందని తెలిసింది. ఆ రోజు నుంచి ఎవరడిగినా "అమ్మోరి దర్శనానికి" అని చెప్పడం మొదలెట్టాడు. అడిగినవాళ్ళు వెంటనే చల్లబడి, మాకూ కుంకం పట్రమ్మని చెప్పి వెళ్ళిపోయేవారు.

ఇక ప్లానింగు. పన్నెండు రోజుల యాత్ర. రైళ్ళు మారి మారి కాఠ్‌గోదాంలో దిగి, అక్కణ్ణుంచి బస్సులో కొండెక్కాలి. నైనీతాల్‌లో ఒక ధర్మశాలకు ఉత్తరం రాసి గది ఖాయం చేసుకున్నాడు. తిండి దగ్గర నాన్న ఖచ్చితంగా ఉన్నాడు. బయట తిండి మీద భరోసా లేదు. తిండి చెడితే కడుపు చెడుతుంది, కడుపు చెడితే టైము చెడుతుంది. కాబట్టి కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, కందిపప్పు, చింతపండు, పొడులు, ఆవకాయ అన్నీ మనతోనే వస్తాయి.

అమ్మ మెల్లగా అంది, "రెండు పూటలు ఓటల్లో తింటే ఏటవుద్దండీ?"

"నీ వంట ఉండగా ఓటలెందుకే?" అన్నాడు నాన్న ఎంతో ప్రేమగా.

నిజంగా ప్రేమగానే అన్నాడు. ఆ ఇంట్లో అమ్మ నోరు ఎప్పుడు మూతపడినా ఏదో ఒక పొగడ్తతోనే మూతపడేది.

బార్ చార్టు తయారీకి రెండు ఆదివారాలు పట్టింది. కార్ఖానాలో షట్‌డౌన్‌కి వేసే చార్టు లాంటిదే. పైన వరుసగా రోజులూ గంటలూ, పక్కన మనుషులు. ఒక్కో మనిషికి ఒక్కో గీత. అరగంటకో గడి. పనికి ఎరుపు, విశ్రాంతికీ విహారానికీ పచ్చ. నాన్న చెబుతుంటే నేను ఇంగ్లీషులో పేర్లు రాసి రంగులు నింపేదాన్ని. నాన్న గీతలో టిక్కెట్లు, సామాను లెక్క చూడడం, దారి కనుక్కోవడం, తర్వాత పచ్చ. అన్నయ్య గీతలో ట్రంకుపెట్టె మోయడం, నీళ్ళు తేవడం, తర్వాత పచ్చ. నా గీతలో కూరలు తరగడం, డైరీ రాయడం, తర్వాత పచ్చ. అమ్మ గీత వేసేటప్పుడు నేను పచ్చ పెన్సిల్ పక్కన పెట్టేశాను. తెల్లారి టీ, ఉప్మా, గిన్నెలు, స్నానాలకు వేణ్ణీళ్ళు, పప్పు, అన్నం, గిన్నెలు, బట్టలు, టీ, రాత్రి వంట, గిన్నెలు, పక్కలు. ఎర్ర పెన్సిల్ ఆ ఒక్క గీతకే సగానికి అరిగింది. నాకు ఆ అరగడం గొప్పగానే అనిపించింది. రంగు ఎక్కడా గీత దాటకుండా, ఎక్కడా పలచబడకుండా వేశానని నాన్న భుజం తట్టాడు.

చార్టు ముందు గదిలో గోడకెక్కింది. నాన్న దూరంగా నిలబడి చూసి అమ్మను పిలిచాడు.

"సూడు. నువ్వే క్రిటికల్ పాత్."

"అంటే ఏటి?"

"మిగతా పనులు కాత్త అటూ ఇటూ అయినా ఫరవాలేదు. క్రిటికల్ పాత్ మీద పని ఆగితే మొత్తం ఆగిపోద్ది. నువ్వు ఆగితే మేవందరం ఆగిపోతాం. అర్థమైందేటి?"

అమ్మ చార్టు వంక చూసింది. ఆమెకు తెలుగు చదవడం వచ్చు, ఇంగ్లీషు రాదు. ఎర్రగా పొడుగ్గా ఉన్నది తన గీతేనని మాత్రం తెలిసింది. పెళ్ళిచూపుల్లో పొగిడితే సిగ్గుపడ్డట్టు కాస్త తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అక్కడితో ఊరుకుంటే ఆయన మా నాన్న ఎందుకవుతాడు?

"ట్రయల్ ఎయ్యకండా ఏ మిసన్నైనా సాలూ సేత్తామేటి?" అన్నాడు ఒక శుక్రవారం. అలా మా నైనీతాల్ యాత్రకు డిమ్నాలో ట్రయల్ పెట్టాడు. డిమ్నా మా ఊరి చెరువే. దల్మా కొండల కింద ఉంటుంది, చుట్టూ అడవి. వెళ్ళే దారిలో సువర్ణరేఖ నది దాటాలి. నైనీతాల్‌లో చూడబోయేవన్నీ ఇంటికి పన్నెండు, పదమూడు కిలోమీటర్లలోనే ఉన్నాయన్నమాట. అమ్మ ఆ ఊళ్ళో కాపురానికొచ్చి పద్దెనిమిదేళ్ళయింది. ఒక్కసారీ చూడలేదు. ఆ మాట విన్న రాత్రి అమ్మ ఇస్త్రీ చీర తీసి మంచం మీద పెట్టుకుంది. నైనీతాల్ సంగతి తర్వాత, ముందు ఈ ఆదివారమే నీళ్ళ అంచున కూర్చోవచ్చని ఆమె ఆశ పడింది. అది నాకు ఆ రోజు తెలియలేదు, తర్వాత ఆలోచిస్తే తెలిసింది.

ఆదివారం ఆరింటికల్లా టెంపో వచ్చింది. ట్రంకుపెట్టె, పక్కబట్టలు చుట్టిన హోల్డాలు, బకెట్టు, స్టవ్వు, నూనె డబ్బా, బియ్యం డబ్బా, పప్పు డబ్బా, ఆవకాయ జాడీ ఎక్కాయి. ఏప్రిల్ ఎండల్లో స్వెటర్లు కూడా ఎక్కాయి. దేన్నీ వదిలేస్తే అది ట్రయల్ కాదు. అన్నయ్య "పాగల్ హో గయే హై" అని, పిచ్చి పట్టిందని హిందీలో గొణిగి వెనక కూర్చున్నాడు. వీధి వీధంతా బయటికొచ్చింది. అసలు ప్రయాణం ఇదేననుకుని పక్కింటి అత్త అమ్మకు బొట్టుపెట్టి పెరుగు చేతిలో పోసింది. ట్రయల్ అని చెప్పడానికి నాన్నకు మొహం చెల్లలేదు. అందరికీ దణ్ణాలు పెడుతూ టెంపో ఎక్కాడు. సాయంత్రం అదే సామానుతో అదే టెంపోలో తిరిగొచ్చినప్పుడు వీధిలో వాళ్ళ మొహాలు చూసి తీరాలి.

డిమ్నాలో గట్టు మీద గాలి బాగా వీస్తోంది. స్టవ్వు రెండుసార్లు ఆరిపోయింది. నాన్న నాలుగు దిక్కులూ పరిశీలించి, గట్టు దిగువన, నీళ్ళు లేని వైపు, ఒక బండ చాటున స్టవ్వు పెట్టించాడు. గాలి తగలదు. అమ్మ అక్కడ కూర్చుంది. మేం ముగ్గురం గట్టెక్కి పచ్చ గడులు అమలు చేశాం. నాన్న గడియారం చూసుకుంటూ నలభై నిమిషాలు చెరువు చూపించాడు. మెట్ల మీద నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాం. టీకి కిందికి దిగాం, ఉప్మాకి దిగాం, పప్పన్నానికి దిగాం. ప్రతిసారీ అన్నీ టైముకి సిద్ధంగా ఉన్నాయి. భోజనాలయ్యాక స్వెటర్లు తొడిగించి, సరిపోయాయని నిర్ధారించుకుని, విప్పించాడు. అమ్మ గిన్నెలు తోమి, హోల్డాలు చుట్టేసరికి టెంపోవాడు హారన్ కొడుతున్నాడు.

తిరుగు దారిలో నాన్న ముందు సీట్లో కూర్చుని కాగితం మీద టిక్కులు పెట్టుకుంటున్నాడు. పదమూడు నిమిషాలు మిగిలాయట. ఆయన ముఖం వెలిగిపోతోంది. వెనకాల అమ్మ నా పక్కన కూర్చుంది. ఇస్త్రీ చీర మోకాళ్ళ దగ్గర మసి.

"ఒలే, నీళ్ళు ఏ రంగులో ఉన్నాయే?" అంది మెల్లగా.

"నీళ్ళ రంగులోనే ఉన్నాయి," అని నవ్వాను.

ఆమె కూడా నవ్వింది. గట్టుకి ఇరవై అడుగుల దూరంలో పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా కూర్చున్న మనిషి ఆ ప్రశ్న ఎందుకడిగిందో నాకు తట్టలేదు. పద్నాలుగేళ్ళ వయసు కారణమని సర్దిచెప్పుకుందామంటే మనసొప్పదు. పద్నాలుగేళ్ళకు కళ్ళుంటాయి.

మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం, ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు, అమ్మ నన్ను చార్టు దగ్గరికి పిలిచింది.

"నా గీత సదువు."

చదివాను. మొదటి రోజు నుంచి మొదలుపెట్టి, ఇంగ్లీషు పేర్లు తెలుగులోకి మార్చి చెబుతూ వచ్చాను. మూడో రోజు నైనీతాల్. టీ, ఉప్మా, గిన్నెలు. నాలుగో రోజు. ఐదో రోజు. ఆరో రోజు ఇంకో సరస్సు, భీంతాల్. ఏడో రోజు. నా గొంతే నాకు పాఠం అప్పజెప్పినట్టు వినిపించసాగింది. పన్నెండో రోజు దాకా విని అమ్మ అడిగింది.

"మరి సెరువు సూసీది ఎప్పుడే?"

"నాన్న గీతలో ఉంది. మా గీతల్లో కూడా ఉంది."

"నా గీతలో?"

మళ్ళీ చూశాను. ఉండదని తెలిసీ వేలు పెట్టి వెతికాను.

"ఈ ఎరుపు ఎవులేశారు?"

"నేనే."

అమ్మ దగ్గరికొచ్చి తన గీత మీద చెయ్యి పెట్టి, ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమిరింది. "బాగేశావే. ఎక్కడా గీత దాటనేదు," అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఇసుమంత కూడా లేదు. కూతురి పనితనం చూసి నిజంగానే మెచ్చుకుంది. నాన్న భుజం తట్టినప్పుడు పొంగిపోయిన నేను, అమ్మ మెచ్చుకుంటే తలెత్తలేకపోయాను.

ఆ రాత్రి అన్నాలప్పుడు చెప్పింది, తను రావడం లేదని.

నాన్న మొదట ఒంట్లో బాగాలేదేమోననుకున్నాడు. తర్వాత ఎవరైనా ఏమైనా అన్నారేమోననుకున్నాడు. కార్ఖానాలో మోటారు కాలిపోతే కారణాలు వెతికే పద్ధతిలో ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. అమ్మ అన్నిటికీ కాదంది. చివరికి, "నీళ్ళు సూడ్డానికని నాను అడిగాను. నీళ్ళు సూడ్డానికి నాకు టైము నేదట. ఇంట్లో వండీది అక్కడ వండడానికి అంత దూరం ఎందుకండీ?" అంది.

నాన్న దెబ్బతిన్నాడు. అన్నం సగంలో లేచి చార్టు ముందు నిలబడ్డాడు. అరగంట తర్వాత నాచేత రబ్బరుతో చెరిపించి, ఆరో రోజు సాయంత్రం నాలుగుంబావు నుంచి ఐదింటి దాకా అమ్మ గీతలో పచ్చ వేయించాడు. ముప్పావుగంట. అమ్మకు చూపించాడు కూడా. ఆమె పకపకా నవ్వింది. నవ్వి, "మీరెల్లి రండి," అంది. మరి ఆ మాట మీంచి ఎవరెన్ని చెప్పినా కదల్లేదు.

మానుకుందామంటే వీధికి ఏం చెప్పాలి? ఒకసారి బొట్టు పెట్టించుకుని వెళ్ళి సాయంత్రానికి తిరిగొచ్చాం. రెండోసారి అసలే వెళ్ళకపోతే నవ్విపోతారు. రిజర్వేషన్లు అయిపోయాయి, ధర్మశాలలో గది ఖాయమైంది. షట్‌డౌన్‌లో మనిషి రాకపోతే పని ఆపరు, బదులు మనిషిని వేస్తారు. నాన్న చార్టులో అమ్మ అని ఉన్న చోట కొట్టేసి నా పేరు రాశాడు. గీత అదే, ఎరుపు అదే.

నైనీతాల్ గురించి చాలామంది చాలా బాగా చెబుతారు. నాకు గుర్తున్నంత వరకు అది ఒక తడి గోడ. ధర్మశాలలో వంటకని ఇచ్చిన వసారా వెనకవైపు, కొండను చెక్కిన చోట ఉంది. గోడ మీద నాచు, పైనుంచి సన్నగా కారే నీళ్ళు. ఆ ఎత్తులో పప్పు ఉడకదు. చార్టులో నలభై నిమిషాలు రాసిన పప్పు గంటన్నర అయినా పలుకు పలుకుగానే ఉండేది. పప్పు ఆలస్యమైతే అన్నం ఆలస్యం, అన్నం ఆలస్యమైతే గిన్నెలు ఆలస్యం. నా పాత గీతలోని పచ్చ గడులన్నీ కొత్త ఎరుపు కింద పోయాయి. నాన్నా అన్నయ్యా మాత్రం టైముకి వెళ్ళి, టైముకి వచ్చి, విస్తరి ముందు కూర్చునేవారు. "ఇంకా అవనేదేటే? మీ అమ్మయితేనా..." అనేవాడు నాన్న. ఆయన మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కానీ ఆ గీత వేసిన చెయ్యి నాదే కాబట్టి కోపం నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

యాత్ర ఐదో రోజు మధ్యాహ్నం అన్నయ్య తిరిగొచ్చాడు. పడవెక్కాడట, జుట్టంతా చెదిరిపోయి ఉంది. నేను మసిగుడ్డతో గిన్నె దించుతున్నాను.

"అరే, ఈ రోజు నీళ్ళు ఏ రంగులో ఉన్నాయిరా?" అన్నాను.

"పానీ జైసా," అన్నాడు కాళ్ళు కడుక్కుంటూ. నీళ్ళలాగే ఉన్నాయట.

గిన్నె కింద పెట్టేసి అక్కడే కూలబడి ఏడ్చాను. వాడు బెదిరిపోయి నాన్నను పిలుచుకొచ్చాడు. చెయ్యి కాలిందా అని నాన్న నా వేళ్ళు తిప్పి తిప్పి చూశాడు. ఎక్కడా కాలలేదు. అప్పుడు ఆయన తల తిప్పి, నేను కూర్చున్న పీట చూశాడు, పీటకు ఎదురుగా ఉన్న గోడ చూశాడు. చాలాసేపు చూశాడు. మూడు రోజుల్లో ఆ వసారాలోకి ఆయన అడుగు పెట్టింది ఆ ఒక్కసారే. ఆ సాయంత్రం మమ్మల్ని బజారులో ఒక ఢాబాకి తీసుకెళ్ళి రొట్టెలు తినిపించాడు. తిన్నాక నన్ను సరస్సు ఒడ్డుకు తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టాడు. చీకటి పడబోతోంది. నీళ్ళు సరిగా కనబడలేదు.

మర్నాడు పొద్దున్నే, "ఎల్పోదాం," అన్నాడు. భీంతాల్ మిగిలింది, నది ఒడ్డున గడపాల్సిన రోజు మిగిలింది. ఆయన ఉద్యోగ జీవితంలో ఒక ప్లాను సగంలో ఆపడం అదే మొదలనుకుంటాను. రిజర్వేషను లేని బోగీల్లో, ట్రంకుపెట్టె మీద కూర్చుని, అనుకున్నదానికంటే నాలుగు రోజులు ముందే టాటానగర్‌లో దిగాం.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం మూడైంది. తలుపుకి తాళం. నా పద్నాలుగేళ్ళలో ఆ తలుపుకి, మేం నలుగురం కలిసి బయటికెళ్ళినప్పుడు తప్ప, తాళం పడగా చూడలేదు. నాన్న తాళాన్ని రెండుసార్లు లాగి చూశాడు. పక్కింటి అత్త గోడ మీంచి తల పెట్టింది.

"ఓలమ్మ, అప్పుడే వచ్చేశారేటి? ఆవిడ డిమ్నా ఎల్లింది."

"డిమ్నాయా? ఎవులితో?"

"ఎవులితోటీ నేదు. మీరెల్లిన మూడో నాడు నన్ను తోడు రమ్మంది. ఎల్లాను. నీళ్ళకాడ కూకుని మాటా నేదు పలుకూ నేదు. నాకేటీ తోచనేదు. మరి నాను ఎల్లనేదు. తనొక్కర్తే ఎల్తంది, రోజు తప్పి రోజు."

"ఒక్కర్తే ఎలాగెల్తంది?"

"నది అవతల మాంగో దాకా బస్సు, అక్కణ్ణించి టెంపో. పొద్దున్నే సద్దన్నం మూట కట్టుకుని ఎల్పోద్ది."

"అక్కడ ఏటి సేత్తాది?" అన్నాడు నాన్న.

"ఏటీ సేయదు. కూకుంటాది," అంది అత్త. లోపలికొచ్చి టీ తాగమంది. నాన్న వద్దన్నాడు. ఆవిడ వచ్చేస్తుందిలే అన్నాడు.

వరండాలో హోల్డాలు మీద కూర్చున్నాం. రైల్లో పొద్దున తిన్న రెండు పూరీలు తప్ప కడుపులో ఏమీ లేదు. నాన్న గడియారం చూడ్డం మానేశాడు. ఎండ తగ్గింది. కార్ఖానా నుంచి సైకిళ్ళు వరసగా ఇంటిదారి పట్టాయి. వాటి వెనకాల, వీధి మలుపులో, అమ్మ కనిపించింది. చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది. చీర కుచ్చెళ్ళు తడిసి కాళ్ళకు అంటుకున్నాయి. ఎండకు మొహం నల్లబడింది. అంత నెమ్మదిగా ఆమె నడవడం నేనెప్పుడూ చూడలేదు.

"వచ్చేశారేటి," అంది, ఆశ్చర్యమేమీ లేకుండా. తాళం తీసింది. అన్నయ్యా నాన్నా సామాను లోపల పెట్టారు. అమ్మ లోపలికి రాలేదు. వరండా మెట్టు మీద కూర్చుని కాళ్ళు చాపుకుంది. నేను ఆమె పక్కన కూర్చున్నాను.

ఎవరు ఏ వేళప్పుడు ఇంటికొచ్చినా అమ్మ నోటివెంట వచ్చే మొదటి మాట "తిన్నారా?" అని. మేం ముగ్గురం ఆ మాట కోసం ఎదురు చూశాం. నాన్న గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అక్కడ పప్పు ఉడకనేదు," అన్నాడు.

"అలాగా," అంది అమ్మ.

"ఎత్తు మీద గదా."

"మరి సెరువు బాగుందేటి?"

నాన్న నా వంక చూశాడు. "నాను సూసాను. పిల్ల సూడనేదు," అన్నాడు.

అమ్మ తల తిప్పి నా మొహంలోకి చూసింది. ఏమీ అడగాల్సిన అవసరం లేదని ఆ చూపులోనే తెలిసింది.

నాన్న లోపలికి వెళ్ళాడు. వంటింట్లో స్టవ్వు పంపు కొట్టిన చప్పుడైంది, గిన్నె ఏదో కింద పడింది.

"టీపొడి ఏ డబ్బాలో ఉందే?" అని అరిచాడు.

"అక్కడే ఉంటాది. ఎతకండి," అంది అమ్మ, కాళ్ళు కదపకుండా.

నేను అలవాటుగా లేచాను. రెండడుగులు వేసేలోపే అమ్మ నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"కూకో," అంది.

ఆమె పక్కనే కూర్చున్నాను. లోపల నాన్న ఒక్కో డబ్బా మూతా తీసి చూస్తున్నాడు.